పెద్ద నిర్ణయం వచ్చింది, భారం ఎవరి మీద? మీరే లెక్క తీయడం ఎలా

ప్రభుత్వం ఏదైనా పెద్ద నిర్ణయం ప్రకటించిన రాత్రి టీవీల్లో రెండే మాటలు వినిపిస్తాయి. చారిత్రాత్మకం అని ఒకాయన, ప్రజల నడ్డి విరిచారని ఇంకొకాయన. ఆ గోల వింటూ కూర్చుంటే తలనొప్పి తప్ప ఏమీ మిగలదు, ఎందుకంటే "దేశానికి మంచిదా చెడ్డదా" అని మొదలుపెడితే ఎటూ తేలదు. పన్ను కట్టేది ఒక మనిషి. లైన్లో నిలబడేది ఒక మనిషి. మిగిలిన సొమ్ము ఎక్కడ పెట్టాలా అని చూసుకునేది మరో మనిషి. ఒకే చట్టం, ఒకే తేదీ, ఒకే నిబంధన అయినా ఒక ఇంట్లో అది ఆడిటర్‌కి చేసే ఒక్క ఫోన్‌తో తీరిపోతుంది, ఇంకో ఇంట్లో ఆ నెల మందులు కొనడం ఆగిపోతుంది.

నా లెక్క ప్రకారం, నిర్ణయం ఎంత పెద్దదన్నదాని కంటే అది వచ్చి మీద పడినప్పుడు ఆ మనిషి చేతిలో ఏముందన్నదే ఎక్కువ తేలుస్తుంది. దాచుకున్న డబ్బుందా, టైం ఉందా, పక్కకు తప్పుకునే దారి ఉందా. ఈ మూడూ ఉన్నవాడికి ఎంత కఠినమైన నిర్ణయమైనా కాస్త చికాకు అంతే. అందుకే కింద చెప్పే పద్ధతి అంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. ఎకనామిక్స్ చదివి ఉండక్కర్లేదు, కాగితం పెన్ను ఓ గంట ఓపిక ఉంటే చాలు. ఒక పార్టీని తిట్టడానికి దీన్ని వాడుకుందామనుకుంటే మాత్రం పనికిరాదు. అందరి నిర్ణయాలకూ ఇదే కొలత పెట్టాలి, మీకు నచ్చిన నాయకుడివైతే ఇంకాస్త గట్టిగా పెట్టాలి.

ముందు అసలు కాగితం తెరవండి

ప్రసంగం పక్కన పెట్టేయండి. చట్టమో, గెజిట్ నోటిఫికేషనో, బడ్జెట్ పత్రమో, ఇప్పుడు చాలా దేశాల్లో నెట్‌లో దొరుకుతుంది. మొత్తం చదవమనను, అది ఎవరి వల్లా కాదు. నాలుగు సంగతులు వెతకండి: ఎవరికి వర్తిస్తుంది, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు, ఎవరికి మినహాయింపు.

వీటిలో "ఎప్పటి వరకు" అన్నదాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. 2017 డిసెంబరులో అమెరికాలో పన్నుల చట్టం తెచ్చినప్పుడు అందరికీ పన్ను తగ్గిస్తున్నాం అన్నారు, అది నిజమే, చాలామందికి తగ్గింది కూడా. కానీ కాగితం తెరిచి చూస్తే కంపెనీల మీద పన్నుని 35 శాతం నుంచి 21కి తగ్గించడానికి గడువు లేదు, వ్యక్తుల పన్ను తగ్గింపులకి మాత్రం చాలావాటికి 2025 చివరితో సరి అని రాసి ఉంది. ఒకరికి రాసిచ్చిన ఆస్తి, ఇంకొకరికి అద్దె ఇల్లు అన్నమాట. తర్వాత 2025లో ఇంకో చట్టం తెచ్చి ఆ అద్దె గడువు చాలావాటికి పూర్తిగా ఎత్తేశారు, అది వేరే సంగతి. పొడిగించమని అడగాల్సిన అవసరం ఒక పక్షానికే ఎందుకు పడింది అన్నది చూడాలి.

మినహాయింపుల పేజీ దగ్గర కూడా కాస్త ఆగండి. ఫలానా రంగం, ఫలానా సైజు కంపెనీ, ఫలానా తేదీకి ముందు రిజిస్టర్ అయినవాళ్లు అంటూ కొలిచి కుట్టినట్టున్న వాక్యాలు కనిపిస్తే అవి వాటంతట అవి పుట్టలేదని గుర్తుపెట్టుకోండి. ఎవరో మంత్రిత్వ శాఖ దాకా వెళ్లి, అపాయింట్‌మెంట్ తీసుకుని, కూర్చుని మాట్లాడారు. రోజుకూలీల తరఫున అలా వెళ్లి కూర్చునేవాళ్లు చాలా తక్కువ.

ఎంత కట్టారని కాదు, వందలో ఎంత కట్టారని అడగండి

ఈ ఒక్క మెట్టు సరిగ్గా చేస్తే సగం పని అయిపోయినట్టే, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

రెండు ఇళ్లు ఊహించుకోండి. మొదటి ఇంటి ఆదాయం 100, వచ్చినదంతా ఖర్చయిపోతుంది. రెండో ఇంటి ఆదాయం 1000, అందులో 400 ఖర్చు పెట్టి మిగతా 600 దాచుకుంటారు, లేదా షేర్లో స్థలమో కొంటారు. ఖర్చుపెట్టే ప్రతి వందలో 10 పన్ను కింద పోతుందనుకుందాం. మొదటి ఇల్లు 10 కట్టింది, రెండో ఇల్లు 40 కట్టింది. టీవీలో కూర్చున్నాయన "ఉన్నవాళ్లు నాలుగు రెట్లు ఎక్కువ కడుతున్నారు" అంటాడు, అబద్ధం కాదు. కానీ మొదటి ఇంట్లో వచ్చిన ప్రతి వందలో 10 పోయింది, రెండో ఇంట్లో 4 మాత్రమే పోయింది. కొనుగోళ్ల మీద వేసే పన్నులన్నింటికీ, పేరు జీఎస్టీ అయినా వ్యాట్ అయినా సేల్స్ ట్యాక్స్ అయినా, ఈ గుణం పుట్టుకతోనే ఉంటుంది. దాన్ని తగ్గించడానికే నిత్యావసరాల మీద తక్కువ రేటు, విలాస వస్తువుల మీద ఎక్కువ రేటు పెడతారు. అందుకే రేట్లు మారినప్పుడల్లా సగటు రేటు ఎంత అని కాకుండా ఏ వస్తువు ఏ గడిలోకి వెళ్లిందో చూడండి. పేదింటి ఖర్చులో ఏది ఎక్కువ ఉంటుందో కూడా ప్రభుత్వ సర్వేల్లోనే దొరుకుతుంది. భారత ప్రభుత్వం చేసిన 2023-24 గృహ వినియోగ సర్వేలో గ్రామీణ కుటుంబాల నెల ఖర్చులో ఆహారం వాటా సగటున 47 శాతం, పట్టణాల్లో 40 శాతం దగ్గర. అది కూడా సగటు, అడుగున ఉన్నవాళ్లకి ఇంకా ఎక్కువ. ఇది దగ్గర పెట్టుకుంటే తిండి ధరలు కదిపే ఏ నిర్ణయమైనా ఎటు వంగుతుందో చెప్పేయొచ్చు.

అందరికీ సమానంగా వేస్తే న్యాయమే కదా అనేవాళ్లకి బ్రిటన్ కథ చెప్పండి. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం ఇంటి విలువని బట్టి వేసే స్థానిక పన్ను తీసేసి, పెద్దవాళ్లందరి మీదా తలసరి పన్ను పెట్టింది, స్కాట్లాండ్‌లో 1989లో, ఇంగ్లండ్, వేల్స్‌లలో 1990లో. ఒకే కౌన్సిల్ పరిధిలో బంగళాలో ఉండే భూస్వామికీ, అక్కడే చెత్త ఎత్తే కార్మికుడికీ ఒకటే మొత్తం. బాగా పేదవాళ్లకి రాయితీ ఇచ్చారు గానీ వాళ్లు కూడా కనీసం 20 శాతం కట్టాల్సిందే. లక్షలాది మంది కట్టడం మానేశారు, 1990 మార్చి 31న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర పెద్ద గొడవ జరిగింది, ఆ ఏడాది నవంబరులో థాచర్ దిగిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. 1993కల్లా మళ్లీ ఇంటి విలువని బట్టే పన్ను వేయడం మొదలుపెట్టారు.

ఇక్కడే ఇంకో వైపు కూడా చూడాలి, లేకపోతే మన లెక్క ఒంటికన్నుతో చేసినట్టే. పేదల కోసం అని పేరు పెట్టిన ప్రతిదీ పేదలకి చేరదు. పెట్రోలు, డీజిలు ధరలు తక్కువగా ఉంచడానికి ఇచ్చే సబ్సిడీ సంగతే తీసుకోండి. 20 వర్ధమాన దేశాల లెక్కలు చూసి ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) పరిశోధకులు 2012లో తేల్చిందేమిటంటే, పైనున్న ఐదో వంతు కుటుంబాలకి అడుగున ఉన్న ఐదో వంతు కంటే సగటున ఆరు రెట్లు ఎక్కువ సబ్సిడీ అందుతోంది. కారు ఉన్నవాడే కదా ట్యాంకు నింపేది. మరైతే తీసేయొచ్చుగా? తీసేస్తే మొత్తంగా ఎక్కువ పోగొట్టుకునేది ఉన్నవాడే, కానీ బస్సు చార్జీ, సరుకుల ధర పెరిగి వంద సంపాదించేవాడి వందలోంచి ఎక్కువ వంతు లాక్కుపోతుంది. రెండూ నిజమే. ఒకటే చెప్పి రెండోది దాచేవాళ్లని పట్టుకోవడమే మీ పని.

గడియారం చూడండి

నిర్ణయానికీ అమలుకీ మధ్య ఎంత టైం ఇచ్చారు, ఆ టైంలో ఎవరు ఏం చేసుకోగలరు? ఇదొక్కటి చాలా విషయాలు బయటపెడుతుంది.

2016 నవంబరు 8 రాత్రి 8 గంటలకి 500, 1000 రూపాయల నోట్లు అర్ధరాత్రి నుంచి చెల్లవని భారత ప్రధాని ప్రకటించారు. చలామణీలో ఉన్న నగదు విలువలో అది 86 శాతం. బ్యాంకులో వేసుకోవడానికి డిసెంబరు 30 వరకు గడువిచ్చారు. కాగితం మీద నిబంధన అందరికీ ఒకటే. ఇప్పుడు దగ్గరికి వెళ్లి చూడండి. కార్డుతో బిల్లు కట్టేవాడికి ఆ వారం పెద్ద తేడా లేదు. రోజుకూలి మనిషికి బ్యాంకు లైన్లో సగం రోజు పోతే సగం కూలి పోయినట్టు కాదు, మొత్తం పోయినట్టే, మధ్యాహ్నం పన్నెండింటికి వెళితే పనెవరిస్తారు? సరే, లైన్లో నిలబడి మార్చుకున్నాడే అనుకోండి, మర్నాడు మేస్త్రీ దగ్గర కొత్త నోట్లు లేవు, పాతవే తీసుకో లేదా తర్వాత ఇస్తా అంటాడు. తీసుకుంటే మళ్లీ లైను. కొత్త నోట్ల సైజు వేరు కావడంతో దేశంలోని 2 లక్షలకు పైగా ఏటీఎంలని ఒక్కొక్కటిగా సరిచేయాల్సి వచ్చింది, అది వారాలు పట్టింది. చివరికి 2018లో రిజర్వు బ్యాంకు చెప్పిన లెక్క ప్రకారం రద్దయిన 15.41 లక్షల కోట్లలో 99.3 శాతం వెనక్కి వచ్చేసింది. అంటే దొంగడబ్బు ఉన్నవాళ్లకి కూడా ఏదో ఒక దారి దొరికింది. దారి దొరకనిది ఆ రోజుకూలి మనిషికే.

2020 మార్చి 24న కూడా అంతే, రాత్రి 8కి ప్రకటన, నాలుగు గంటల్లో అమలు, 21 రోజులు. లాక్‌డౌన్ అవసరమా కాదా అన్నది వేరే చర్చ, నేను దాని జోలికి పోవట్లేదు. నాలుగు గంటల్లో ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చుకోవచ్చు, వెయ్యి కిలోమీటర్ల అవతల ఉన్న ఊరికి చేరలేం. ఈ ఒక్క వాక్యం ఆ రోజే మీ కాగితం మీద రాసుకోగలిగి ఉంటే తర్వాత హైవేల మీద నడిచిన జనాన్ని చూసి ఎవరూ ఆశ్చర్యపోనక్కర్లేదు.

గడియారాన్ని రెండో వైపు నుంచి కూడా చూడాలి: భారం ముందు వచ్చిందా, ఉపశమనం ముందు వచ్చిందా. ఇరాన్ 2010 డిసెంబరులో ఇంధన ధరలు భారీగా పెంచింది. కానీ దానికి ముందే కుటుంబాల ఖాతాల్లో మనిషికి నెలకి 4,55,000 రియాళ్ల చొప్పున వేసి, ధరలు పెరిగిన రోజు నుంచి తీసుకోనిచ్చింది. నైజీరియాలో 2023 మే 29న కొత్త అధ్యక్షుడు బోలా టినుబు ప్రమాణ స్వీకార ప్రసంగంలోనే పెట్రోలు సబ్సిడీ పోయిందన్నారు, రోజుల్లో ధర రెట్టింపు దాటిపోయింది, ఉపశమనం మాట తర్వాతెప్పుడో మొదలైంది. నిర్ణయం ఒకటే, వరస వేరు. ఇరాన్‌ని ఆకాశానికెత్తక్కర్లేదు లెండి, ఆ 4,55,000 ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది, ధరలు మాత్రం పెరుగుతూ పోయాయి, కొన్నేళ్లకి దాంతో వచ్చేది పిసరంతే. అందుకే ఏ నగదు సాయం చూసినా అది ధరలతో పాటు పెరిగేలా రాశారా లేదా అని కాగితంలో వెతకండి. రాయకపోతే అది ఏటా కాస్త కాస్త కోత పడుతున్న సాయం అనే లెక్క.

సాయం ఏ తలుపులోంచి వస్తోంది?

ఇస్తున్నాం అన్నారు సరే, తీసుకోవడానికి ఏం కావాలి? ఖాతా, కార్డు, అడ్రసు రుజువు, ఆన్‌లైన్ ఫారం, ఓటీపీ వచ్చే ఫోను, పని మానుకుని వెళ్లే ఒక రోజు. ఒక్కో షరతు దగ్గరా కొంతమంది రాలిపోతారు, రాలిపోయేది ఎప్పుడూ అడుగునుంచే.

అన్నిటికంటే గమ్మత్తయిన తలుపు ఆదాయపు పన్ను. పన్నులో తగ్గింపు అంటే పన్ను కట్టేంత ఆదాయం ఉన్నవాడికే లాభం. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో భారత ప్రభుత్వం కొత్త పన్ను విధానంలో ఏడాదికి 12 లక్షల ఆదాయం వరకు పన్ను పడకుండా చేసింది, దానివల్ల సుమారు లక్ష కోట్ల ఆదాయం వదులుకుంటున్నామని కూడా చెప్పింది. జీతగాళ్లకి అది నిజమైన ఊరటే, ఆ డబ్బు చేతికి కనిపించింది. వ్యవసాయ కూలీకి అందులో సున్నా, ఎందుకంటే వాళ్లు అసలా తలుపు దగ్గరే లేరు. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు చాలావాటి మీద తగ్గించారు, అది కూలీ ఇంటిదాకా వెళ్లే దారి, కాకపోతే మధ్యలో దుకాణం ఉంది, తగ్గిన పన్ను అంతా ధరలో తగ్గిందా లేదా అన్నది బిల్లు చూస్తేనే తెలుస్తుంది. ఒకే ఏడాది, ఒకే ప్రభుత్వం, రెండు వేర్వేరు తలుపులు.

తలుపు మారిస్తే ఏమవుతుందో చూడాలంటే అమెరికాలో 2021 చూడండి. అక్కడ పిల్లలున్న కుటుంబాలకి పన్ను రాయితీ ఎప్పటి నుంచో ఉంది, కానీ బాగా తక్కువ సంపాదించేవాళ్లకి పూర్తిగా అందేది కాదు. ఆ ఒక్క ఏడాది మొత్తాన్ని పెంచి, పన్ను కట్టేంత సంపాదన లేకపోయినా పూర్తిగా ఇచ్చేలా మార్చి, అందులో సగాన్ని జూలై నుంచి డిసెంబరు దాకా నెలనెలా ముందుగానే పంపారు. వాళ్ల జనగణన సంస్థ వేసే అనుబంధ కొలత ప్రకారం 2021లో పిల్లల పేదరికం 5.2 శాతానికి పడిపోయింది. గడువు తీరాక పొడిగించలేదు. 2022లో అది 12.4 శాతం. మొదట్లో చెప్పిన "ఎప్పటి వరకు" గుర్తుందిగా.

ఎవరు పక్కకు జరగగలరు

పన్ను పెంచినప్పుడు ఆస్తిపరుడి ముందు చాలా దారులుంటాయి. ఆదాయాన్ని జీతంలా కాకుండా షేర్ల లాభంలా చూపించుకోవచ్చు (భారత్‌లో జీతం మీద పై శ్లాబు 30 శాతం, ఏడాది దాటి ఉంచుకున్న లిస్టెడ్ షేర్ల లాభం మీద 2024 జూలై నుంచి 12.5 శాతం), అమ్మకాన్ని వచ్చే ఏడాదికి జరపొచ్చు, కంపెనీ పేరు మీద పెట్టొచ్చు, మరీ అయితే ఇంకో దేశానికి మకాం మార్చొచ్చు. ఇవన్నీ చట్టబద్ధమే, తప్పు పట్టడానికి చెప్పట్లేదు. కౌంటర్ దగ్గర బిల్లులో కలిసిపోయిన పన్నుని తప్పించుకునే దారి మాత్రం ఎవరూ కనిపెట్టలేదు. కాబట్టి కొత్త పన్ను చూసినప్పుడల్లా "దీన్ని తప్పించుకోవాలంటే ఏం కావాలి" అని రాసుకోండి. జవాబు "మంచి ఆడిటర్" అయితే ఒక అర్థం, "కొనడం మానేయాలి" అయితే ఇంకో అర్థం.

కోతలకీ ఇదే వర్తిస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రికో బడికో నిధులు తగ్గిస్తే ప్రైవేటుకి వెళ్లగలిగినవాళ్లు వెళ్లిపోతారు. నాకు ఇందులో ఎక్కువ భయపెట్టేది ఆ తర్వాత జరిగేది: గట్టిగా అడగగలిగేవాళ్లు, కలెక్టర్‌కి ఉత్తరం రాయగలిగేవాళ్లు, పేపర్‌లో వేయించగలిగేవాళ్లు అందరూ వెళ్లిపోయాక మిగిలినవాళ్ల గొంతు ఎవరికీ వినపడదు, దాంతో తర్వాతి కోత ఇంకా సులువుగా పడుతుంది.

ఒక్క నిర్ణయాన్ని ఒంటరిగా చూడొద్దు

పక్కన ఇంకేం చేశారో చూడండి. ఫ్రాన్స్‌లో 2018 నవంబరు 17న పసుపు జాకెట్లు వేసుకుని జనం రోడ్ల కూడళ్లలోకి వచ్చారు. కారణం 2019 జనవరి నుంచి డీజిలు మీద లీటరుకి 6.5 సెంట్లు, పెట్రోలు మీద 2.9 సెంట్లు పన్ను పెంచబోవడం. ఆరేడు సెంట్లకి ఇంత గొడవా అనిపిస్తుంది, పైగా వాతావరణం కోసం వేసిన పన్ను. కానీ అదే ఏడాది మొదట్లో సంపద పన్నుని ఎత్తేసి స్థిరాస్తి మీద మాత్రమే ఉంచారు, షేర్లు, పెట్టుబడులు దాని నుంచి బయటపడ్డాయి. దేనికదే విడిగా చూస్తే ప్రభుత్వం దగ్గర సమాధానం ఉంది, పెట్టుబడులు దేశం దాటిపోకూడదని ఒకటి, పొగ తగ్గాలని ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాడికి, మెట్రో లేని చిన్న ఊళ్లో ఉంటూ రోజూ పనికి కారేసుకుని వెళ్లక తప్పనివాడికి, ఒకరి దగ్గర వదిలేసింది ఇంకొకరి దగ్గర వసూలు చేస్తున్నట్టే కనిపించింది. ఆ పసుపు జాకెట్ కూడా ప్రభుత్వమే చట్టం చేసి ప్రతి కారులో పెట్టించింది. డిసెంబరులో ఆ పెంపు రద్దు చేశారు.

కొన్నిసార్లు పక్కన ఉండేది ఇంకో నిర్ణయం కాదు, జరగకుండా ఆగిపోయినది. 2020 మేలో ప్రపంచమంతా ముడిచమురు ధర కుప్పకూలినప్పుడు భారత్‌లో ఎక్సైజు సుంకాన్ని పెట్రోలు మీద లీటరుకి 10 రూపాయలు, డీజిలు మీద 13 రూపాయలు పెంచారు. ఆ పెంపు వల్ల బంకులో రేటు పెరగలేదు, కాబట్టి చాలామందికి ఏమీ జరిగినట్టే అనిపించలేదు. తగ్గాల్సింది తగ్గకపోవడం కూడా భారమే, దాన్ని కూడా కాగితం మీద వేయాలి.

చుట్టూ తిరిగి వచ్చే దారి

డీజిలు ఉదాహరణతోనే చేసి చూద్దాం, ఎక్కడైనా పనిచేసే లెక్క. డీజిలు మీద పన్ను పెరిగింది. మొదటి రోజు రోజుకూలి డీజిలు కొనడు, కాబట్టి "పేదల మీద ప్రభావం లేదు" అని రాసేస్తారు. నెల తర్వాత లారీ కిరాయి పెరుగుతుంది, వ్యాపారి దాన్ని ధరలో కలిపేస్తాడు, అంటే అతను తన భారాన్ని ముందుకి తోసేశాడు. కొన్నవాళ్లలో ప్రభుత్వోద్యోగికి కొంత ఆలస్యంగానైనా కరువు భత్యం సర్దుకుంటుంది. ప్రైవేటు ఉద్యోగికి ఏడాది చివర ఇంక్రిమెంటు వస్తే వస్తుంది. కూలి రేటు మాత్రం ఎప్పుడు పెరుగుతుందో, ఎవరు పెంచుతారో ఎక్కడా రాసి లేదు. తోసేయడానికి ఇంకెవరూ లేనివాడి దగ్గర భారం ఆగుతుంది. కాగితం మీద బాణాలు గీసుకుంటూ పోండి, బాణం బయటికి వెళ్లని పేరు దగ్గర వృత్తం పెట్టండి.

ఒక్కోసారి నిర్ణయం అమలే కాకుండా కూడా ఈ దారిలో దెబ్బ తగులుతుంది. 2022 సెప్టెంబరు 23న బ్రిటన్‌లో ఆర్థిక మంత్రి క్వాసి క్వార్టెంగ్ 45 శాతం ఉన్న పై పన్ను శ్లాబు ఎత్తేయడంతో సహా భారీ తగ్గింపులు ప్రకటించారు, డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో చెప్పలేదు. పౌండు పడిపోయింది, రుణాల మీద వడ్డీలు ఎగిశాయి. ఆ శ్లాబు ప్రతిపాదన పది రోజుల్లో వెనక్కి తీసుకున్నారు, ప్రధాని లిజ్ ట్రస్ అక్టోబరు 20న రాజీనామా ప్రకటించారు, కానీ ఈలోపు రెండేళ్ల స్థిర వడ్డీ గృహ రుణాలు 6 శాతం దాటేశాయి. పైవాళ్లకి ఇవ్వబోయిన రాయితీ రానేలేదు, దాని బిల్లు మాత్రం అప్పుడే ఇంటి లోను రెన్యూ చేసుకోవాల్సిన మధ్యతరగతి వాడికి వెళ్లింది.

పేదలందరూ ఒకే వైపు ఉండరు

ఇది మర్చిపోతే లెక్క తప్పుతుంది. 2023 జూలై 20న భారత్ బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది, 2024 సెప్టెంబరు చివర్లో సడలించింది. బియ్యం కొనుక్కుని తినే పట్టణ పేదకి అది రక్షణ. వరి పండించే చిన్న రైతుకి మంచి రేటు వచ్చే అవకాశం పోయినట్టు. మన బియ్యం మీద ఆధారపడిన పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ లాంటి దేశాల్లో పేదవాడికి అది నేరుగా ఆకాశం నుంచి పడ్డ కష్టం. ముగ్గురూ పేదలే. కాబట్టి "పేదలు" అని ఒకే గడి పెట్టకండి. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, అప్పులో ఉన్నవాళ్లు, ఇంకొకరి జీతం మీద ఆధారపడ్డవాళ్లు అని విడగొట్టండి. ధనికుల్లోనూ అంతే, ఎగుమతి చేసేవాడూ దిగుమతి చేసేవాడూ ఒకే రోజు పండగ చేసుకోరు.

సగటు లెక్కలతో కూడా జాగ్రత్త. "ఒక్కో కుటుంబానికి సగటున 100 లాభం" అంటే తొమ్మిది ఇళ్లకి సున్నా, పదో ఇంటికి 1000 అయినా సగటు 100 అవుతుంది. సగటు చెప్పినవాడిని మధ్యలో ఉన్న ఇంటికి ఎంత, అడుగున ఉన్న పదో వంతు ఇళ్లకి ఎంత అని అడగండి. బ్రిటన్‌లో ఐఎఫ్ఎస్ అనే స్వతంత్ర ఆర్థిక పరిశోధన సంస్థ ప్రతి బడ్జెట్ తర్వాతా, అమెరికాలో పార్లమెంటు బడ్జెట్ కార్యాలయం పెద్ద చట్టాలకీ ఇలా విడగొట్టిన లెక్కలు ఇస్తాయి.

అలాగే "ముందు పైవాళ్లకి ఇస్తే తర్వాత కిందికి వస్తుంది" అన్న వాగ్దానం ఎక్కడ కనిపించినా, ఎంత వస్తుంది, ఎప్పటికి వస్తుంది అన్నది తేదీతో సహా రాసిపెట్టుకోండి. 2019 సెప్టెంబరు 20న భారత్ కంపెనీల మూల పన్నుని 30 నుంచి 22 శాతానికి తగ్గించి, ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామంది, పెట్టుబడులు, ఉద్యోగాలు వస్తాయంది. ఆర్నెల్లకే కోవిడ్ వచ్చిపడింది కాబట్టి ఏది దేనివల్ల జరిగిందో విడదీయడం కష్టం. ఇలాంటి చోట గట్టిగా తేల్చేసి మాట్లాడేవాళ్లని, ఏ వైపు వాళ్లయినా, కాస్త అనుమానంగానే చూడండి.

ఈ లెక్కంతా నిర్ణయం వచ్చాక వేసేదే అనుకోకండి, ముసాయిదా దశలో వేస్తేనే ఎక్కువ ఉపయోగం. కెన్యాలో 2024 ఆర్థిక బిల్లు చట్టం కాకముందే కుర్రాళ్లు దాన్ని క్లాజు క్లాజుగా చదివి స్థానిక భాషల్లో వీడియోలు చేసి పెట్టారు. బ్రెడ్డు మీద 16 శాతం వ్యాట్ ప్రతిపాదన ముందే ఎగిరిపోయింది, జూన్ 25న పార్లమెంటు దగ్గర ప్రాణాలు పోయేంత నిరసన జరిగాక మర్నాడు అధ్యక్షుడు రూటో ఆ బిల్లు మీద సంతకం పెట్టనన్నారు. భారత్‌లో అయితే చట్టం ముసాయిదాని కనీసం 30 రోజులు జనం ముందు పెట్టి అభిప్రాయాలు తీసుకోవాలని 2014 నుంచి ఒక విధానం ఉంది. ప్రతిసారీ పాటించరు. పాటించినప్పుడు మాత్రం మంత్రిత్వ శాఖ సైట్‌లో ఒక ఈమెయిలు అడ్రసు, ఒక ఆఖరి తేదీ ఇస్తారు. పేజీలకి పేజీలు అక్కర్లేదు, క్లాజు నంబరు వేసి, ఈ నిబంధన వల్ల ఫలానా ఆదాయం ఉన్న ఇంటికి వందలో ఇంత పోతుంది, ఫలానా మార్పు చేస్తే ఇంతే పోతుంది అని రెండు పేరాల్లో రాసి పంపండి.